పడవింటి చేపలట్టు

లాన్‌జౌ,
1986 ఏప్రిల్ 12

పెద్దమ్మగారికి షూలిన్ నమస్కారాలు.

నేనెవరో మీకు తెలియదు కాబట్టి ముందు అది చెప్పేస్తాను. నా పేరు పాంగ్ షూలిన్. రైల్వే వంతెనల ఆఫీసులో నక్షాలు గీస్తాను. వయసు ముప్పై. పళ్ళు బాగానే ఉన్నాయి. మీ మేనకోడలు లియన్‌జెన్ చదువయ్యాక సర్కారు ఇక్కడి ఉన్నిమిల్లులో ఉద్యోగం వేస్తే వచ్చింది కదా, ఆవిడ నన్ను చేసుకోవడానికి ఒప్పుకుంది. ఎందుకు ఒప్పుకుందో నేను అడగలేదు. అడిగితే మళ్ళీ ఆలోచిస్తుందని భయం. ఆమెకి మేనత్త అంటే నాకు వరసకి పెద్దమ్మే కాబట్టి అలాగే పిలుస్తున్నాను, ఏమీ అనుకోకండి.

చిక్కంతా మీ తమ్ముడుగారితో, అంటే లియన్‌జెన్ నాన్నగారితో వచ్చింది. "మా పడవింటి వెండిచేపల అట్టు వాడి చేత్తో వేసి పెట్టమను. తిన్నాక చెబుతా" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. ఆగస్టులో, సరస్సు మీద వేట నిషేధం ఎత్తేసేలోపు, ఇక్కడికి వస్తారట. నేను పుట్టింది ఎడారి అంచున. చేపను మొదటిసారి చూసింది బడి గోడ మీద బొమ్మలో. లియన్‌జెన్‌ని అడుగుదామంటే తనకీ రాదట, ఇంట్లో వంటంతా నాన్నదేనట. అందుకని తనకి కూడా తెలియకుండా, మీ ఇంటినుంచి వచ్చిన ఎండు వెండిచేపల సంచిలోంచి దోసెడు దొంగిలించి, మీ శరణు వేడుతున్నాను. ఆ అట్టు ఎలా వెయ్యాలో రాయండి. అది కుదరకపోతే నాకు పెళ్ళి లేదు.

ఈ ఉత్తరం సంగతి మామగారికి పొరపాటున కూడా తెలియనివ్వకండి. ఆయన్ని ఫోటోలో చూశాను. ఆ చూపుకి కట్టిన వంతెన కూడా కాస్త పక్కకి జరుగుతుంది. ఆ టోపీ ఎప్పుడైనా ఉతుకుతారా?

మీ దయకోసం చూసే,
షూలిన్

తా.క.: చేపలు నానబెట్టాను. అన్నీ నల్లకళ్ళతో నన్నే చూస్తున్నాయి. ఇది మామూలేనా?

*

తాయ్ సరస్సు, పడమటి రేవు,
ఏప్రిల్ 24

అబ్బాయి షూలిన్‌కి పెద్దమ్మ దీవెనలు.

ఉత్తరం అందింది. మా తమ్ముడికి చూపించలేదు.

వాడి మొహం గురించి ఏదో రాశావు. ఆ ఫోటో తీసినవాడికి పని చేతకాదు. ఈ రేవులో మా తమ్ముడంత అందగాడు లేడని ఇప్పటికీ చెప్పుకుంటారు. మనిషి కూడా చాలా మెత్తన. ఆ సంగతి కనుక్కున్నవాళ్ళు తక్కువ, అంతే.

ఇక అట్టు. గోరువెచ్చటి నీళ్ళలో రెండు అల్లం ముక్కలు వేసి చేపల్ని నానబెట్టు. మెత్తబడ్డాక అరచేతిలో పెట్టి పిండు, కానీ పిసక్కు. చెంచాడు సారా చిలకరించు. నాలుగు గుడ్లు కొట్టి, ఉల్లికాడలు తరిగి, ఉప్పు వేసి, చేపలు కలుపు. పంది కొవ్వు బాండీలో కరిగి పొగ రాబోయే ముందు పొయ్యాలి, పొగ వచ్చాక కాదు. అంచు గట్టిపడగానే మంట తగ్గించి మూత పెట్టు. అరవై దాకా లెక్కపెట్టు. తొందర మనిషి నలభైకే మూత తీస్తాడు. అలాంటివాడికి మా ఇంట్లో పిల్లనివ్వరు. అరవై అయ్యాక బాండీ వంచి పళ్ళెంలోకి జార్చు. ఇంతకంటే ఏమీ లేదు.

మేలు కోరే,
జియాంగ్ గుయ్‌బావ్

తా.క.: చేపలు చూస్తున్నాయంటే మంచి సరుకని అర్థం. నువ్వు చూపు తిప్పుకో.

ఇంకో తా.క.: టోపీ ఉతికారు. రెండుసార్లు.

*

లాన్‌జౌ,
మే 9

పెద్దమ్మగారికి నమస్కారాలు.

మీరు రాసినట్టే చేశాను, మూత తప్ప. బ్రహ్మచారి ఇంట్లో ఏ గిన్నెకీ మూత ఉండదు పెద్దమ్మగారూ. నక్షాలు గీసే పలక తెచ్చి బోర్లించాను. యాభై రెండు దగ్గర పలక అంటుకుంది. మా పొయ్యిలన్నీ వరండాలో వరసగా ఉంటాయి కదా, పక్కింటివాళ్ళు వచ్చి ఆర్పారు. అట్టు కింద బొగ్గు, పైన జావ.

దేవుడిలా గువో మాస్టారు వచ్చారు. ఈయన రైల్వే మెస్సులో వంటాయన, పక్కగదిలోనే ఉంటారు. చూసి నెత్తి కొట్టుకుని, "ఒరే నక్షా, దీనికి మూతెందుకురా? తిరగెయ్యి!" అన్నారు. అట్లకాడ అడుగుకి పోనిచ్చి ఒక్క విసురు. అట్టు తిరగబడింది! రెండో వైపు బంగారంలా కాలింది. ఇంత తేలికైన ఉపాయం మీరెందుకు రాయలేదో అర్థం కాలేదు. అంత చిన్న విషయం వేరే చెప్పాలా అనుకుని ఉంటారు.

ఇప్పుడు రోజూ ఇదే సాధన. నిన్న ఆరుసార్లు తిరగేశాను, నాలుగుసార్లు చెక్కుచెదరలేదు. మీ సంతోషం కోసం కొలతలతో సహా బొమ్మ గీసి పంపుతున్నాను. మీ పడవలో వంటింటి గోడకి అంటించుకోవచ్చు.

మీ విధేయుడు,
షూలిన్

తా.క.: బొమ్మ 2లో అట్టు అడుగు పైకి వచ్చి ఉంటుంది. నా బాండీ లోతెక్కువ కాబట్టి అది అచ్చం పడవలా కనిపిస్తుంది. సరదాగా పక్కన ఒక తెడ్డు కూడా గీశాను.

*

పడమటి రేవు,
మే 20

షూలిన్‌కి.

నీ ఉత్తరం మొన్న పొద్దున వచ్చింది. ఆ రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు.

పడవ మీద బతికే ఇంట్లో కొన్ని పనులు చెయ్యరు. కొన్ని మాటలు అనరు. కాగితం మీద అసలే రాయరు. కాబట్టి నేను ఇంతకంటే విడమరచలేను. నువ్వు గువో దగ్గర నేర్చుకున్న ఆ పని మాత్రం వద్దు. ఒక్కసారి కూడా వద్దు. మూత కొనుక్కో.

మా తమ్ముడికి ఈ సంగతి ఎలాగో తెలిసింది. కోప్పడలేదు. మెత్తని మనిషి కదా. వెళ్ళి లంగరు తాడు సరిగ్గా ఉందో లేదో చూసుకున్నాడు.

గుయ్‌బావ్

తా.క.: నీ బొమ్మని ఏ వైపు తిప్పి పెట్టినా ఏదో ఒక పడవ అలాగే ఉంది. చివరికి మర్నాడు పొయ్యి వెలిగించి అందులో పెట్టాం. తెడ్డు కాలడానికి చాలాసేపు పట్టింది.

*

లాన్‌జౌ,
జూన్ 4

పెద్దమ్మగారికి అనేక నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి సిగ్గుతో చచ్చిపోయాను. "ఆ పని" అంటే ఏమిటా అని మూడు రోజులు ఆలోచించాను. ఉల్లికాడలు అడ్డంగా కోయడమా? సారా ఎక్కువైందా? తేల్చుకోలేక గువో మాస్టారికి చదివి వినిపించాను. ఆయన రెండుసార్లు విని తొడ చరిచి, "అట్లకాడరా! అసలైన వంటవాళ్ళ ఇంట్లో అట్లకాడతో గుచ్చి తియ్యడం అవమానం. నోటితో చెప్పడానికి కూడా నామోషీ పడుతున్నారు చూడు, ఎంత పరువైన కుటుంబమో!" అన్నారు.

నిజమే కదా అనిపించింది. ఆ రోజే అట్లకాడ అవతల పారేశాను. ఇప్పుడు బాండీ రెండు చేతులా పట్టుకుని ఒక్క కుదుపుతో అట్టుని గాల్లోకి ఎగరేస్తున్నాను. అది పైన ఒక పల్టీ కొట్టి, వీపు మీద దిగుతుంది. మొదటి పదకొండూ నాకు దక్కలేదు. పన్నెండోది బాండీలోనే పడింది. వరండా అంతా చప్పట్లు!

ఆఫీసు కెమెరాతో గువో మాస్టారు తీసిన ఫోటో పంపుతున్నాను. అట్టు సరిగ్గా గాల్లో ఉన్నప్పుడు నొక్కారు. మామగారు దిగగానే ఆయన ఎదురుగా మూడు పల్టీలు కొట్టిస్తాను. దేవుడు మేలు చేసి పెళ్ళి కుదిరితే, మీ పడవలోనే, చుట్టాలందరి మధ్యా, పడవకో అట్టు చొప్పున ఎగరేస్తానని మొక్కుకున్నాను. ఇక మీకు నామోషీ ఉండదు.

మీ ఇంటి గౌరవం కాపాడే,
షూలిన్

తా.క.: ఫోటోలో గోడ మీద కనిపించే మరక పదకొండో అట్టు.

ఇంకో తా.క.: మామగారు సరదాపడితే ఆయనకీ నేర్పుతాను. ఈ వయసులో నడుం జాగ్రత్త, అంతే.

*

పడమటి రేవు,
జూన్ 15

పాంగ్ షూలిన్‌కి.

ఇక నోరు మూసుకుని లాభం లేదు. విను.

మేము పళ్ళెంలో చేప పెట్టుకుంటే పైవైపు తింటాం. ముల్లు ఎత్తి పక్కన పెడతాం. అప్పుడు కిందివైపు తింటాం. చేపని రెండో వైపుకి వెయ్యం. వేస్తే పడవ కూడా అదే చేస్తుంది. మా ఇంట్లో గిన్నె మూతి కిందికి పెట్టరు. చెంచా కూడా వెల్లకిలానే పడుకుంటుంది. అట్టు మూత కింద ఉడకడానికి కారణం అదే. ఎనిమిది తరాలుగా ఈ పడవ మీద ఆ పని ఎవరూ చెయ్యలేదు. ఆ మాట ఎవరూ అనలేదు. నువ్వు ముప్పై అట్లకి చేసి, కొలతలతో గీసి, ఫోటో తీసి, తపాలా బిళ్ళ అంటించి మా పడవలోకే పంపావు. చాలక, చుట్టాల మధ్య పడవకొకటి అంటావా?

మా తమ్ముడు రైలు టికెట్టు వెనక్కిచ్చేశాడు. పెళ్ళి మాట నువ్వు ఇక ఎత్తకు.

జియాంగ్ గుయ్‌బావ్

తా.క.: ఆ ఫోటో ఎదురుపడవ ముసలాయన కంట్లో పడింది. కొడుకుల్ని పిలిచి తాళ్ళన్నీ ఇంకో చుట్టు బిగించుకున్నాడు. గాలి లేదు, ఏమీ లేదు.

*

లాన్‌జౌ,
జూన్ 25

పెద్దమ్మగారికి.

తప్పయింది. నేలమీద పెరిగినవాణ్ణి, నా కాళ్ళ కింద ఏదైనా కదులుతుందని ఎప్పుడూ అనుకోలేదు. ఇన్ని ఉత్తరాల్లో మిమ్మల్ని ఎంత భయపెట్టానో మీ జవాబులు మళ్ళీ చదివితే తెలిసింది. మామగారిని క్షమించమని అడిగే మొహం నాకు లేదు.

కమ్మరి దగ్గరికెళ్ళి బాండీకి సరిపడా మూత చేయించాను. నిన్న మీరు రాసినట్టు అరవై లెక్కపెట్టాను. తొందరపాటు మనిషినని భయం వేసి ఇంకో ఐదు కూడా లెక్కపెట్టాను. అట్టు చక్కగా జారింది. దాన్ని చూస్తూ కూర్చున్నాను గానీ తినలేకపోయాను.

ఒక్క సంగతి చెప్పి ఆపేస్తాను. ఈ అట్టు మామగారికోసమని రాశాను కదా, అది సగమే నిజం. లియన్‌జెన్ ఈమధ్య ప్రతి ఆదివారం నూడుల్స్ గిన్నె సగంలో వదిలేస్తోంది. గొర్రె పులుసు వాసన చూసి మొహం తిప్పుకుంటుంది. అడిగితే ఆకలి లేదంటుంది. మీకు రాసే ఉత్తరాల్లో బాగా తింటున్నానని రాస్తుందని నాకు తెలుసు, నా ఎదుటే రాసి పోస్టులో వెయ్యమని ఇస్తుంది. చిన్నప్పుడు మారాం చేస్తే ఏం పెట్టి తినిపించేవారో ఒక్కటి రాయండి. పెళ్ళి సంగతి ఎలాగైనా కానివ్వండి, ఇది మాత్రం రాయండి.

షూలిన్

తా.క.: గువో మాస్టారు చెంపలేసుకున్నారు. మెస్సులో నాలుగొందలమందికి రోజూ అట్టు తిరగేసే మనిషి. ఇవాళ అందరికీ ఉడికించిన గుడ్డు పెట్టారు.

*

పడమటి రేవు,
జులై 8

షూలిన్‌కి లియన్‌జెన్ తండ్రి జియాంగ్ షౌహై రాసేది.

మా అక్కకి అక్షరం ముక్క రాదు. నీ ఉత్తరాలన్నీ చదివిందీ నేనే, జవాబులు రాసిందీ నేనే. వేట నిషేధంలో వలలు బాగుచేసుకుంటూ ఖాళీగా ఉన్నాను. ఆవిడ పక్కన కూర్చుని ఏదో చెబుతూనే ఉండేది. చెప్పినవన్నీ రాస్తే తపాలావాళ్ళు తీసుకోరు. అందగాణ్ణన్న ముక్క మాత్రం ఆవిడ చెప్పలేదు, చదివి వినిపిస్తే ఇప్పటికీ నవ్వుతోంది.

నేను రావడం లేదు. నా కోపం నీ మీద లేదు. వచ్చి రుచి చూడాల్సిన పనిలేదు, అంతే. పిల్లని నీకే ఇస్తున్నాను.

అట్టు వేసి పెట్టమని ఎందుకు అడిగానో విను. లియన్‌జెన్ తల్లి పోయేనాటికి అది ఆరేళ్ళది. అప్పట్నుంచీ నేనే వండిపెట్టాను. నాకు మాటలు రావు, వంట వచ్చు. తర్వాత ఉద్యోగమని అంత దూరం పంపేశారు. బాగా తింటున్నానని అది రాసిన ప్రతిసారీ నేను నమ్మలేదు. నా నోటికి అట్టు కావాలంటే నా చేతులు నాకున్నాయి. మిల్లునుంచి వచ్చేసరికి దానికి వేసిపెట్టే చెయ్యి అక్కడ ఒకటుండాలి. అది నేర్పడానికి నాకు వేరే దారి తోచలేదు. నువ్వు మా అక్కకి రాయకపోయినా నేనే ఏదో వంకతో రాసేవాణ్ణి.

చిన్నప్పుడు మారాం చేస్తే ఏం పెట్టేవాళ్ళమని అడిగావు. ఈ అట్టే పెట్టేవాణ్ణి. అందుకే ఇంకేమీ రాయడం లేదు.

మూత కింద నీకు కుదిరితే సరే. ఏ రోజైనా బొగ్గు మంట మాట వినకపోతే, పైన జావలా ఉండిపోతే, పిల్ల ఆకలితో ఉంటే, ఆలోచించకు. మీ ఇల్లు నేలమీద ఉంది. తిరగెయ్యి. ఆ మాట ఈ చేత్తో రాయడం ఇదే మొదటిసారి. మా అక్క పడవ కొనకెళ్ళి మూడుసార్లు ఉమ్మి వచ్చింది. పడవ అలాగే ఉంది.

మామ,
జియాంగ్ షౌహై

తా.క.: ఎండుచేపలు ఇంకో సంచి పంపుతున్నాను. దొంగిలించనక్కర్లేదు, ఇది నీ పేరు మీదే వస్తుంది. ఈ ఆదివారం వేసి దాని ముందు పెట్టు. ఎవరు నేర్పారో చెప్పకు. తిని మాట్లాడకుండా కూర్చుంటే ఏమీ అడగొద్దు. రెండో ముక్క వెయ్యి.