నమూనా బీడు

చిక్కడపల్లి,
జూన్ 10

తమ్ముడు రాఘవేందర్‌కు అక్క దమయంతి దీవెనలు.

ఫోన్‌లో నేను మాట మొదలుపెట్టగానే పొలంలో పనుందని పెట్టేస్తావు. ఉత్తరాన్ని అట్లా పెట్టేయలేవు కదా!

నాపరాళ్ల గని వాళ్లు మన నాలుగెకరాలు తవ్వుకుని, గుంత పూడ్చి, మట్టి పోసి, మొక్కలు నాటి మూడేళ్లయింది. ఇంకా ఎందుకు తిరిగివ్వరని నారాయణగూడలో వాళ్ల ఆఫీసుకు పోయి నిలదీశాను. పచ్చదనం పరీక్ష పాసయితేనే ఇస్తారట. పక్కనే తవ్వని భూమిని నమూనాగా పెట్టుకుని పోల్చి చూస్తారట. ఆ నమూనా ఏదనుకున్నావు? గట్టు అవతల నీ అరెకరం బీడు! పల్లేరుకాయలు తప్ప ఏమున్నాయక్కడ? 

ఆగస్టులో గనుల శాఖ నుంచి సుందరరావు అనే ఆఫీసరు వచ్చి కొలుస్తాడు. పరువు తీయకు, ఈలోగా ఆ బీడును పచ్చగా చెయ్యి. ఈ హాస్టల్ అమ్మాయిలకు పప్పుచారు కాచీ కాచీ విసిగిపోయాను. ఆ భూమి వస్తే సీతాఫలం తోట వేసుకుని అక్కడే ఉంటాను.

నీ మేలు కోరే
అక్క

తా.క.: మా హాస్టల్ వాళ్లలాగా ఏళ్ల తరబడి రాసే పరీక్ష కాదిది. ఒక్కసారికే పాసవ్వాలి.

---

జూలై 28

అక్కకు రాఘవేందర్ నమస్కారాలు.

నువ్వు చెప్పాక ఊరుకుంటానా? ఆరు బండ్ల పెంట ఎరువు తోలించాను. బోరు నుంచి పైపు వేసి జనుము చల్లాను. నెలన్నర తిరగకుండానే నడుము దాటి పచ్చగా పూసింది. బీరయ్య మేకలు వాసన పట్టి వస్తే, "బీరన్నా, ఇది సర్కారు నమూనా, జర దూరం" అని కట్టె పట్టుకుని తరుముతున్నాను.

గట్టు మీద నిలబడితే ఇటు నా జనుము, అటు కంపెనీ వాళ్ల మోకాలెత్తు మొక్కలు. వాటిని చూస్తే జాలేస్తోంది.

నీ తమ్ముడు
రాఘవేందర్

తా.క.: నిన్న ఒక కొత్త జంట పెళ్లి ఫొటోలు దిగడానికి వచ్చింది. చెప్పులు విప్పించాకే లోపలికి పంపాను.

---

ఆగస్టు 2

ఓరి తమ్ముడా, దీవెనలు తర్వాత చెప్తా!

నీ ఉత్తరం గ్రూప్ టూ చదువుకునే మా సంజనకు గొప్పగా చూపించాను. ఆ పిల్ల నిబంధనల కాగితం తెచ్చుకుని చదివి నోరు తెరిచింది. "ఆంటీ, నమూనాల ఎంత పచ్చగుంటే గని భూమి అండ్ల తొంభై శాతం ఉండాలె. మీ తమ్ముడు నమూనాను పెంచుకుంట పోతే గనిది ఎట్ల అందుకుంటది?" అంది.

చేతిలో గరిటెతోనే మెట్ల మీద కూలబడ్డాను. తప్పితే మళ్లీ అయిదేళ్లకు గానీ కొలవరట. అప్పటికి నాకు డెబ్బై దాటుతాయి. నా తప్పూ ఉందిలే, ఎగదోసింది నేనే. ఆ జనుము వెంటనే తీసేయ్.

కాళ్లూ చేతులూ ఆడని
అక్క

తా.క.: కోయడానికి మనసొప్పకపోతే బీరయ్యను పిలువు. ఆయన మేకలకు అట్లాంటి బాధలేవీ ఉండవు.

---

ఆగస్టు 9

అక్కా, నన్ను తిట్టకుండా చివరిదాకా చదువు.

బీరయ్య ముందు నమ్మలేదు. "మొన్నటిదాంక తరిమినవు, ఇయ్యాల బొట్టు పెట్టి పిలుస్తున్నవేంది?" అన్నాడు. ఎనభై మేకలను తోలాడు. పదకొండు కల్లా బీడులో ఒక్క పరక మిగల్లేదు. అప్పుడే సుందరరావు సారు జీపు దిగాడు. మర్యాదగా ఉంటుందని ఇంటికి పిలిచి అన్నం పెట్టాను. బీరయ్య కూడా కూర్చున్నాడు. సారు పెరుగు రెండోసారి వేయించుకుని లేచేసరికి మూడయింది.

పోయి చూస్తే మేకలు గట్టు దాటి ఉన్నాయి. మన నాలుగెకరాల్లో మూడేళ్ల మొక్కలు బెరడుతో సహా పోయాయి. నేను కట్టె పట్టుకుని ఉరికాను. సారు మాత్రం రెండు భూములూ కొలిచి, రాసుకుని, కాగితం ఆఫీసులో ఇస్తానని వెళ్లిపోయాడు.

మొహం చూపించలేని
రాఘవేందర్

తా.క.: సారు కొలిచే టేపు కొసను కూడా ఒక మేక నమిలింది.

---

ఆగస్టు 20

తమ్ముడికి దీవెనలు. కూర్చుని చదువు.

ఏడుస్తూ గనుల శాఖ ఆఫీసుకు వెళ్లాను. సుందరరావు నా చేతిలో కాగితం పెట్టాడు. పాసయ్యాం!

"నమూనాల పచ్చదనం సున్నా. సున్నాల తొంభై శాతం ఎంతమ్మా? సున్నానే గద. గని భూమిల గూడ సున్నా ఉన్నది. నిబంధన ప్రకారం కరెక్ట్" అన్నాడు.  మరి మొక్కల సంగతేమిటని అడిగాను. "పాసైనంక కంపెనీకి ఇంక పనేముంటదమ్మా?" అన్నాడు. నర్సరీ, నీళ్ల ట్యాంకరు ఎత్తేశారట.

నాలుగెకరాలు మనకొచ్చాయి, తిరుపతి గుండులాగా. నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. యాభై సీతాఫలం మొక్కలతో ఆదివారం వస్తున్నాను. గుంతలు తవ్వి పెట్టు.

అక్క

తా.క.: అసలు పిడుగు ఇప్పుడు వింటావు. "ఇంత తొందరగా పాస్ చేయించిన నమూనా నా సర్వీసుల చూడలే. చుట్టూ ఉన్న పన్నెండు గనులకు ఇగ దీన్నే పెడుతున్నం. పరక మొలవనియ్యొద్దని మీ తమ్మునికి చెప్పున్రి" అన్నాడా మనిషి! ఆ భూములన్నీ బోడిగా తిరిగొస్తే రైతులు వచ్చి పడేది నీ గుమ్మం మీదే. నేను వచ్చేదాకా ఆగకు. ఆ బీడుకు నీళ్లు పెట్టు, జనుము చల్లు, బీరయ్యకు దండం పెట్టి దూరంగా ఉండమను. సుందరరావు మళ్లీ జీపు దిగేసరికి అక్కడ అడవి ఉండాలి.