అద్దం బిగించమంది నీ కూతురు

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. కాలేజీకి వెళ్ళేందుకు నీ కూతురికి సైకిలు కొనాలని నెల్లూరు వెళ్ళాం. సైకిలు మీద పోతున్న నిన్ను లారీ గుద్దిన హైవే మీదే అది రోజూ వెళ్ళాలి.

కొట్టాయన బుట్ట సైకిలు ముందుకు తోశాడు. "ఆడపిల్లకి ఇది చాలు సార్."

నేను తగువుకు దిగేలోపే నీ కూతురు సన్నటైర్ల సైకిళ్ళను ఒక్కొక్కటే భుజానికెత్తి చూసింది, ఉప్పుటేరు దాటేటప్పుడు నువ్వు ఎత్తినట్టే.

"ఏందమ్మా, అట్టా మోస్తా ఉండావు?" అన్నాడు కొట్టాయన.

"మా ఊరి ఏరు దాటాలంటే మొయ్యాల గదన్నా. గేర్లు తక్కువదే తేలిగ్గా ఉండాది, ధరా తక్కువే."

బేరం కుదిరాక నావైపు తిరిగింది. "చిన్నాయనా, అద్దం గూడా బిగించమను. నాయనకి ఎనకొచ్చే లారీ కనపడలా."

కనపడితే మాత్రం, తప్పుకునే చోటేదన్నా? కార్లకు అంత రోడ్డు పోసిన ఏలికలు సైకిలుకు జానెడు వదల్లేదు. ఆ మాట దానితో అనలేక, అద్దం గట్టిగా బిగించమన్నాను.