శుక్రవారం సాక్ష్యం

విజయనగరం,
ఏప్రిల్ 20, 2017

అత్తా,

నీ కాళ్ళకు దండం పెట్టి రాస్తున్నాను. ఫోన్‌లో చెబితే నేను ఏడుస్తాను, నువ్వు ఓదారుస్తావు, అసలు మాట మిగిలిపోతుంది. అందుకే ఈ ఉత్తరం. మావ ఆ శుక్రవారం డయాలసిస్‌కి ఎందుకు వెళ్ళలేదో నీకు తెలియదు. 'కాలేజీలో మన పిల్లకి బహుమతి ఇస్తన్నారు, సూసొస్తాను' అని నీకు చెప్పి బయల్దేరాడు. బహుమతీ లేదు, ఏమీ లేదు. నేనాడిన అబద్ధాన్ని నిలబెట్టడానికి వచ్చాడు.

మా బైబిల్ కాలేజీలో ప్రతి బుధవారం ప్రార్థన హాల్లో ఒకరు సాక్ష్యం చెప్పాలి. అంటే దేవుడు తనకి చేసిన మేలు ఒకటి అందరి ముందూ చెప్పుకోవడం. మూడేళ్ళుగా వింటున్నాను. ఒకాయన తాగుడు మానేశానంటాడు, ఒకామెకి పదేళ్ళకి బిడ్డ పుట్టింది. నాకేముంది చెప్పడానికి? అమ్మ పోతే నువ్వూ మావా పెంచారు, అడిగిన చదువు చదివించారు. అది మేలని నాకు తోచనే లేదు, చూడు నా తెలివి. నా వంతు వచ్చిన వారమే మావ ఫోన్ చేసి, 'కాస్త నిద్ర పడతన్నాదమ్మా' అన్నాడు. ఆ ముక్క పట్టుకుని, మా మావ కిడ్నీలు బాగయ్యాయి, డయాలసిస్ మిషన్ ఎక్కడం మానేశాడు, నా ఉపవాస ప్రార్థన ఫలించింది అని చెప్పేశాను. హాలంతా స్తోత్రాలు. నాకు ఒళ్ళు పులకరించింది. అబద్ధమని ఆ క్షణంలో అనిపించలేదు అత్తా. జరగబోయేది కాస్త ముందుగా చెబుతున్నాననిపించింది.

ప్రిన్సిపాల్ గారు మురిసిపోయి, వార్షిక సభకి మావని తీసుకురమ్మన్నారు. సభ శుక్రవారం. అప్పుడైనా నోరు విప్పొచ్చు. పరువు పోతుందని విప్పలేదు. మావకే ఫోన్ చేసి జరిగిందంతా చెప్పి ఏడ్చాను. 'ఒక్క శుక్రవారానికి ఏటైపోద్దే? నలుగురి ముందర నీ తల దిగిపోకూడదు. మీ అత్తకి సెప్పకు' అన్నాడు. వద్దు మావా అని నేను అనాలి. అనలేదు.

నౌపడలో రైలెక్కి వచ్చాడు. కాళ్ళు వాచి చెప్పులు పట్టక, చేత్తో పట్టుకుని దిగాడు. వట్టి కాళ్ళతో వేదిక ఎక్కితే అది భక్తి అనుకుని చప్పట్లు కొట్టారు. ఏటా రథసప్తమికి అరసవల్లి వెళ్ళే మనిషి, మైకు ముందు ఏమనాలో తెలియక అందరికీ దండం పెట్టి, 'మా పిల్ల మంచిదండి' అన్నాడు. అంతే. తర్వాత ఎవరో మజ్జిగ తెచ్చి నా చేతికిచ్చారు. అందరూ చూస్తున్నారని నేనే రెండు గ్లాసులు తాగించాను. ఆయనకి నీళ్ళు నువ్వెంత కొలిచి ఇచ్చేదానివో నాకు తెలియదా? తెలిసే తాగించాను. ఆదివారం ఆయాసం వచ్చి, ఆటో ఆసుపత్రికి చేరేలోపే పోయాడు.

ఇక్కడ రోగుల్ని ఎలా పరామర్శించాలో ఒక పాఠం ఉంది. జగన్నాధం మాస్టారు చెబుతారు. 'మందులు వేసుకున్నారా అని ముందు అడగండి, ప్రార్థన ఆ తర్వాత' అని ఆయన అనని రోజు లేదు. ఆ పరీక్షలో నాకే ఫస్టు మార్కు. ఏం చదువో నాది! నిన్న ఆయన దగ్గరికి వెళ్ళి అంతా చెప్పేశాను. తిట్టలేదు. కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. 'ముందు మీ అత్తకి చెప్పమ్మా, ఆ తర్వాత హాల్లో చెప్పు' అన్నారు. వచ్చే బుధవారం చెబుతాను. నెలాఖరున పట్టాలిస్తారు, నేను తీసుకోను. దేవుడి సేవకి పిలుపు వచ్చిందని మిమ్మల్ని ఒప్పించి వచ్చాను, నా సేవకి మొదట బలైంది మావే. ఇంకెవరి ఇంటి గడప తొక్కే అర్హత నాకు లేదు. విశాఖలో ఏ బట్టల షాపులోనో చేరతాను. నీ ముందుకు రాను. నీ వల్ల అయితే క్షమించు.

నీ చేతి తిండి తిని పెరిగిన
శైలజ


ఇంటి దగ్గర నుంచి,
ఏప్రిల్ 27

శైలజా,

మన ఆశా కార్యకర్త హేమ సేత రాయిస్తన్నాను. నేను సెప్పింది సెప్పినట్టే రాయమన్నాను. నీ ఉత్తరం కూడా అదే సదివింది. రెండోపాలి సదవమంటే మడతెట్టి నా సేతికిచ్చీసినాది.

నాకు తెలీదనుకున్నావు. శనివారం మీ మావ అంతా సెప్పీసినాడు. 'పిల్లని ఏటీ అనకు' అన్నాడు. ఇప్పుడే ఆసుపత్రికి ఎల్దుమన్నాను. మంగళవారం ఎలాగూ ఎల్తాను కదా అన్నాడు. నేను ఊరుకున్నాను. ఆ ఊరుకోడం నాది, నీది కాదు. అప్పట్నుంచీ సూస్తన్నాను, ఇది సెప్తాదా, మింగేస్తాదా అని. సెప్పినావు. అదొక్కటీ బాగున్నాది.

సమించమన్నావు. అది ఇప్పుడు నా కాడ లేదు. ఉంటే ఇద్దును. నువ్వు గురుతొస్తే ఒళ్ళు మండతాది. అంతలోనే తిన్నాదో లేదో అనిపిస్తాది. ఏటి సెయ్యమంటావు?

ఇంకో మాట. మొన్న హేమ నాకూ రగతం తీయించింది. మనూళ్ళో ఇంటికొకరికున్న ఆ కిడ్నీల జబ్బు నాకూ వచ్చేసినాది. సోమవారం, గురువారం మిషన్ ఎక్కాలంట. ఎనక ఒక మడిసి ఉండాలంట. మీ మావకి నేనున్నాను. నాకెవులున్నారు? అర్హత లేదు గిర్హత లేదు అని పెద్ద మాటలు రాసినావు. నాకు పెద్ద మాటలొద్దు. బస్సెక్కినప్పుడు రెక్క పట్టుకునే మడిసి కావాలి. అన్నేళ్ళు సదివినావు, ఆ పట్టా తీసుకునే రా. ఆ వార్డులో పదిమంది పడుకునుంటారు, సగం మందికి పక్కన ఎవులూ లేరు. మంచినీళ్ళు కొలిసి ఇచ్చేవోళ్ళు లేరు. నా పనయ్యాక వాళ్ళనీ సూద్దువు.

దేవుడి మాట మాత్రం ఎత్తకు. నాకు కావాలనిపించినప్పుడు నేనే అడుగుతాను, అప్పుడు సెప్దువు గాని. అడక్కుండానే నేను సచ్చిపోతే, అలాగే పోనీ.

దేముడమ్మ