గుహ ముందు కుర్చీ

చిట్టితల్లి నియేవెస్‌కు అమ్మ దీవెనలు. ఇక్కడ అందరం బాగున్నాం, మీ క్రిస్పిన్ బాబాయి దూడ ఒక్కటి తప్ప. రక్తం తాగే గబ్బిలం కరిచి, పిచ్చి సోకి, కాళ్లు పడిపోయి చచ్చిపోయింది పాపం.

"గబ్బిలాల పక్కన కాపురమేంటమ్మా, రోగాలొస్తాయి" అని రాశావు. నర్సు చదువు చదివేదానివి, నీ మాట కాదనను. కానీ మన గుహలో ఉన్నవి తేనె తాగేవి. మెస్కాల్ సారా కాచే కిత్తనార గడ్డలో తీపి తగ్గకూడదని ఊరంతా పూల కాడను నరికేస్తుంది. నేను ఏటా వంద మొక్కలు పూతకు వదిలేస్తాను. గబ్బిలం వాలితేనే వాటికి గింజ. పిలకలే నాటుకున్న పక్కతోట తెగులొచ్చి కుళ్లింది, మనది గింజ మొక్కలది కాబట్టి తట్టుకుని నిలిచింది.

మీ బాబాయి వింటేనా! మూడు వారాల కిందట, పొద్దున్నే పాత టైర్లు బండికెత్తుకుని, పదిమందితో గుహకు నిప్పు పెట్టడానికి వచ్చాడు. నేను కుర్చీ వేసుకుని అడ్డంగా కూర్చున్నాను.

"లే వదినా!"

"లేవను. రోజూ మెస్కాల్ సారా ఎవరి పుణ్యాన తాగుతున్నావురా?"

"మరి నా దూడో?"

"టీకా వేయించమని రెండేళ్లుగా మొత్తుకున్నాను. వేయించావా?"

అందరూ నవ్వారు. "గబ్బిలాలన్నీ ఒకటే జాతి!" అని మీ బాబాయి అరిచాడు. నాకు ఒళ్లు మండి, నేల మీద పడి ఉన్న గబ్బిలాన్ని ఎత్తి చూపించాను. "ఇంత పొడుగు నాలుక రక్తం తాగడానికా? కళ్లు తెరిచి చూడు!" బండి వెనక్కి తిప్పుకుని వెళ్లిపోయారు.

కిందటి ఉత్తరంలో నా రాత వంకరగా ఉందేమని అడిగావు. అప్పుడు చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. ఆ రోజు ఎత్తి చూపించిన గబ్బిలం నా బొటనవేలు కరిచింది. నేల మీద పడ్డదంటే జబ్బుదై ఉంటుందని, ముట్టుకోవద్దని నువ్వు ఎన్నిసార్లు చెప్పావో! కరిచిందని తెలిస్తే ఆ క్షణమే గుహను తగలబెట్టేవాళ్లు. అందుకే వాళ్లు వెళ్లేదాకా చెయ్యి శాలువాలో దాచాను. తర్వాత సబ్బుతో పావుగంట కడిగి, బస్సెక్కి పట్నం పోయాను. సూదులన్నీ పూర్తయ్యాయి. చాలా భయపడ్డాను, తల్లీ. మీ నాన్నకు కూడా చెప్పలేదు.

ఆదివారం ఊరి సభలో గుహ సంగతి తేలుస్తారట. ఇక చెయ్యి దాచను. "కరిచింది నిజమే. ముట్టుకున్న తప్పు నాది. కాల్చాలంటే ముందు ఈ చెయ్యి కాల్చండి" అంటాను.

నన్ను తిట్టాలనుంటే సోమవారం తిట్టు. ఆదివారం మాత్రం వచ్చి నా పక్కన నిలబడు.

ఇట్లు,
కుర్చీ ఇంకా గుహ ముందే ఉంచిన
మీ అమ్మ ఒలాయా