నీళ్లను ఆకు చేసే చుక్క

అన్నకు, వదినకు సరళ నమస్కారాలు. ఇక్కడ ఈయనా నేనూ ఆరోగ్యంగానే ఉన్నాం. అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? చంద్రగిరిలో వానలు పడ్డాయా? కెనడాలో మాకు అప్పుడే మంచు మొదలైంది. తలుపు తీస్తే చలి ముక్కు కొరికేస్తుంది. అయినా మీరు దిగులు పడొద్దు, ఉన్ని బట్టలు కొనుక్కున్నాం. తిండికీ లోటు లేదు, రాగి సంగటి ఒక్కటే కరువు.

ఈయన ఆస్పత్రి పనికి వెళ్లిపోతే మాట్లాడే మనిషి లేక మొదట్లో బెంగగా ఉండేది. ఇప్పుడు నాకూ పని దొరికింది. ఈ ఊళ్లో క్రీ అనే ఆదివాసులు ఎక్కువ. వాళ్ల బడికి పుస్తకాలు అచ్చు వేసే చిన్న ఆఫీసులో టైపింగు. మన డీటీపీ షాపులో పెళ్లి పత్రికలు కొట్టిన చేతులు కదా, వెంటనే తీసుకున్నారు.

వాళ్ల లిపి చూస్తే నీకు ముచ్చటేస్తుంది అన్నా. మనం 'ప'కు గుడి, కొమ్ము పెడతాం. వాళ్లు అక్షరాన్నే తిప్పేస్తారు. ఒకే గుర్తు పైకి చూస్తే 'పి', కిందికి చూస్తే 'పే', కుడికి చూస్తే 'పొ', ఎడమకు చూస్తే 'ప'. అన్నం తింటూ కంచంలో వేలితో అవే గీస్తుంటే ఈయన, "యాడికి పోయినా నీకు గుణింతాలేనా?" అని నవ్వారు.

పోయిన నెల ఆఫీసులో పాత కంప్యూటర్ చెడిపోయి కొత్తది వచ్చింది. అందులో పిల్లల కథల పుస్తకం తెరిస్తే ఒక్క క్రీ అక్షరం లేదు, అంతా అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు. ఆ కథలు మా ఆఫీసుకు వచ్చే ఆగ్నెస్ అనే క్రీ అవ్వ చెప్పినవి. చిన్నప్పుడు హాస్టల్ బడిలో తన భాష మాట్లాడితే ఆమెను కొట్టేవారట. తెర చూసి కుర్చీ దగ్గరికి లాక్కుంది. ఆమె అన్నది మన మాటల్లో చెప్పాలంటే, "మళ్లా పోయినాయా?" అంతే.

నాకు మన షాపు గుర్తొచ్చింది. మనం కొట్టిన పత్రికను తిరుపతి ప్రెస్సులో తెరిస్తే పెళ్లికూతురి పేరు బదులు గీతలూ చుక్కలూ వచ్చేవి కదా, అదే జబ్బు. పాత ఫాంటులో ఇంగ్లీషు అక్షరం మీద క్రీ బొమ్మ తొడిగారు. ఫాంటు లేకపోతే లోపలి ఇంగ్లీషు బయటపడుతుంది. ఇప్పుడు యూనికోడ్ అని వచ్చింది. అందులో వాళ్ల ప్రతి అక్షరానికీ సొంత సంఖ్య ఉంది, ఇంకెవరిదీ కాదు. నేనూ అవ్వా పాత అచ్చు ప్రతి ముందు పెట్టుకుని, ఏ ఇంగ్లీషు అక్షరం వెనక ఏ క్రీ అక్షరం ఉందో పోల్చుకుంటూ మార్చుకుంటూ పోయాం.

మొదటి కథ అచ్చుతీసి ఇస్తే అవ్వ చదివి పకపకా నవ్వింది. "నీ చెట్టు నుంచి నీళ్లు రాల్తా ఉండాయి సూడు. అవి ఆకులు," అన్నట్టు చెప్పింది. 'నిపియ్' అంటే నీళ్లు, 'నీపియ్' అంటే ఆకు. దీర్ఘానికి నెత్తిన ఒక చుక్క పెడతారు. నేనది కాగితం మీది మరకనుకుని వదిలేశాను. మళ్లీ మొదటినుంచీ చుక్కలు వెతికాం. వారం కిందట పుస్తకం బడికి చేరింది.

యూనికోడ్‌లో తెలుగు కూడా ఉంది అన్నా. షాపులో పాత ఫైళ్లు పారేయొద్దు, వాటినీ ఇలాగే మార్చుకోవచ్చు. అందులో తెలుగూ ఉందని చెప్పగానే అవ్వ, మీ అమ్మ పేరు మీ అక్షరాల్లో చూపించమంది. 'మునెమ్మ' అని కొట్టాను. ఎంత గుండ్రంగా ఉన్నాయో అని తెరను వేలితో తడిమింది. నాచేత పలికించుకుని, పక్కనే తన లిపిలో తానే కొట్టింది. వాళ్లకు 'ము' లేదట, 'మొనేమ' అని వచ్చింది. నేను దిద్దలేదు. రెండూ ఒకే వరుసలో నిలిచాయి, ఏదీ చెదరలేదు.

పెద్దనాయనకు, చిన్నమ్మకు నా దండాలు చెప్పు. వదిన నిప్పట్లకు పిండి ఎలా కలుపుతుందో రాయమను, నావి విరిగిపోతున్నాయి. ఆ రెండు పేర్లూ అచ్చుతీసిన కాగితం ఇందులో పెడుతున్నాను. అమ్మకు చదువు రాదు కాబట్టి ఆమెకు మన రాతా వాళ్ల రాతా ఒకటే. రెండూ నీ పేరేనని చెప్పి చేతికివ్వు.

మీ దీవెన మామీద ఉండాలని కోరుకుంటూ,
మీ చెల్లెలు
సరళ