చూపుడువేలి కొసన చుక్క

అక్కా, నేను కులాసా, కంగారు పడకు. ఇక్కడి ఫ్యాక్టరీలో పళ్ళ డాక్టర్లు తొడుక్కునే గ్లౌజులు పరీక్షించే పని ఇచ్చారు నాకు. ఒక్కోదాంట్లో లీటరు నీళ్ళు పోసి, వేలాడదీసి, రెండు నిమిషాలు చూడాలి. చుక్క కారిందా, అది చిల్లిదే. కిటికీ ఎండలో ఆ నీళ్ళ చేతులు వరసగా మెరుస్తూ ఊగుతుంటే, ఎక్కడున్నానో మరిచిపోతాను. నిన్న ఒకటి అచ్చం నీ చెయ్యిలాగే బొద్దుగా కనిపించింది. చూపుడువేలి కొసన చుక్క నిలిచింది. పాపం చెమట పట్టిందనుకుని రుమాలుతో తుడిచి, "బాగుంది" అని రాసేశాను! భోజనానికి కూర్చున్నాక గానీ అది చిల్లి అని తట్టలేదు. ఎంగిలి చేత్తోనే పరుగెత్తి మా సూపర్వైజర్ మేడమ్‌కి చెప్పేశాను. చివాట్లు పడ్డాయి కానీ, ఆ గ్లౌజుల పెట్టెలు బయటికెళ్ళకుండా ఆగాయి.

మీ పళ్ళ డాక్టరు దగ్గర సాయం చేస్తుంటే నీకు సూది గుచ్చుకుందన్నావు, రక్తపరీక్ష కాగితం వచ్చిందా? దాచావో, నామీద ఒట్టే. అమ్మ కళ్ళజోడు బాగుచేయించావా? నా నీలం స్వెట్టరు పై అరలో ఉంది, పంపు. అమ్మకి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు.

ఇప్పుడు ప్రతి గ్లౌజూ నీ చెయ్యే అనుకుని చూస్తున్నాను. తుడవడం మాత్రం మానేశాను.

నీ పరధ్యానం చెల్లి