బావగారి ఎర్ర బూట్లు

మనవరాలికి షెడ్డు తాత రాయునది.

ఇక్కడ అందరం బాగున్నాం, నా కుడి మోకాలు తప్ప. ఫోన్ ఉండగా ఉత్తరమెందుకంటావు. ఫోన్లో నాకు సగమే వినిపిస్తుంది, మిగతా సగం మీ అమ్మమ్మ వింటుంది. లారీ షెడ్డులో స్పానర్ పట్టిన చెయ్యి, అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో.

మా పార్కులో అరవై దాటినవాళ్ళకి పరుగు పందెం పెట్టారు. నేను పేరిచ్చాను. మీ నాన్నని కన్న గుమస్తాగారు, అదే నీ ఆఫీసు తాతయ్య, ఆయనా ఇచ్చాడు. మీ అమ్మానాన్నలతో నువ్వు ఆ ఊరు వెళ్ళిపోయిన దగ్గర్నుంచీ, సెలవులకొస్తే ఎవరింట్లో దిగాలన్న గొడవ ఏటా ఉన్నదేగా. ఈసారి ఇద్దరం మాట అనుకున్నాం. ఎవరు ముందొస్తే సెలవులన్నీ వాళ్ళింట్లోనే. పోయినసారి నువ్వు అక్కడ ఉండిపోయి మా ఇంటికి చుట్టపుచూపుగా వచ్చావు. అది నాకింకా మింగుడుపడలేదు.

నువ్వు పనిచేసేది ఆటసామాన్ల కొట్టులో. ముసలి ఇంజనుకి వేగమొచ్చే మందో, పొడో, బూట్లో, ఏది గట్టిదైతే అది పంపు.

నీ షెడ్డు తాత

తా.క.: నాకు సిగ్గు లేదనుకోకు. ఆయన అడగకముందే అడుగుతున్నాను, అంతే.

* * *

షెడ్డు తాతకి నమస్కారాలు.

ఉన్నమాట చెప్తాను, కోపం తెచ్చుకోకు. సరదాకి పరిగెత్తేవాళ్ళని ముందుకు తోసే పొడి మా కొట్టులో లేదు. డబ్బా మీద సింహం బొమ్మ ఉంటుంది, లోపల సింహం ఉండదు. వేళకి తిండి, నిద్ర, మానకుండా పరుగు, వారం వారం కొంచెం పెంచుకుంటూ పోవడం, ఇవే పనిచేస్తాయి. పరుగుకి ముందు ఒక కప్పు కాఫీ తాగితే కొంతమందికి కాస్త ఊపొస్తుంది. నువ్వు బీపీ మాత్రలు వేసుకుంటున్నావు, డాక్టర్ని అడగకుండా ఏ పొడీ ముట్టుకోకు.

బూట్లు మాత్రం పంపుతున్నాను, నీ పాదానికి సరిపోయేవి. కాలు నొప్పి పుట్టకుండా చూడటం వాటి పని. పరిగెత్తాల్సింది నువ్వే.

నీ మనవరాలు

తా.క.: ఆఫీసు తాతయ్య ఉత్తరం నీదానికంటే ముందే వచ్చింది. ఆయనకీ ఇదే రాశాను, బూట్లూ పంపాను.

* * *

గుమస్తాగారి మనవరాలికి,

నీ ఇంటిపేరు ఆయనదేనన్న సంగతి మర్చిపోయి అడిగాను. తప్పు నాదే.

ఏదీ పనిచేయదని నాకు మాత్రం రాశావు. పొద్దున్నే పార్కులో చెట్టు చాటున కూర్చుని ఆయన్ని కనిపెడుతున్నాను. పిక్కలకి బిగుతు మేజోళ్ళు, మణికట్టుకి గోడగడియారమంత వాచీ, చేతిలో గులాబీ రంగు నీళ్ళు. అన్నిటికీ మించి కాళ్ళకి ఎర్ర బూట్లు. నాకు పంపినవి నీలంవి. ఎర్రవి వేగమని ఎవరికి తెలియదు? మంటలార్పే బండికి ఎవరైనా నీలం రంగు వేస్తారా?

నేనూ ఊరుకోలేదు. నిన్న ఎదురెళ్ళి, "మీ బూట్లు భలే ఉన్నాయండీ బావగారూ" అన్నాను. వియ్యంకుడు మెచ్చుకుంటే ఇంకేమంటాడు? "నచ్చితే తీసుకోండి బావగారూ" అన్నాడు, మాటవరసకి. తీసుకున్నాను. నా నీలంవి ఆయనకిచ్చాను. పాపం మొహమాటానికి అక్కడే తొడుక్కున్నాడు. పందెం రోజు కూడా అవే వేసుకుంటానన్నాడు.

ఇక నువ్వు మా ఇంట్లో దిగడమే తరువాయి.

తాత

తా.క.: నీ మాట వినక బలంపొడి డబ్బా ఒకటి కొన్నాను. మీ అమ్మమ్మ సబ్బుపొడి అనుకుని నా చొక్కాలు నానబెట్టి, నురగ రాలేదని కొట్టువాణ్ణి తిట్టింది. చొక్కాలకీ బలమేమీ వచ్చినట్టు లేదు.

* * *

తాతా,

ఎర్రవీ నీలంవీ ఒకే రకం బూట్లు. రంగు తేడా, సైజు తేడా. ఆఫీసు తాతయ్యది నీకంటే చిన్న పాదం. ఆ బూట్లలో నీ వేళ్ళు నలిగిపోతాయి, నీవాటిలో ఆయన కాళ్ళు తేలిపోతాయి. పందెంలోపు మళ్ళీ మార్చేసుకోండి.

మేజోళ్ళు పిక్కకి హాయిగా ఉంటాయేమోగానీ వేగమిస్తాయని నేనెవరికీ అమ్మను. వాచీ నువ్వెంత నెమ్మదిగా పోతున్నావో చెప్తుంది, తొయ్యదు. గులాబీ రంగు సీసాది. లోపల ఉన్నవి కుళాయి నీళ్ళు.

నాకు సైకిలు నేర్పిందెవరో నేను మర్చిపోలేదు. ఇంటిపేరు మాట ఇంకోసారి ఎత్తకు.

నీ మనవరాలే

తా.క.: నువ్వు చెట్టు చాటున నల్లగా ఏదో తాగుతున్నావట, అది నేను పంపిన మందేనా అని ఆఫీసు తాతయ్య రాశారు. కాఫీ అంటే నమ్మరు. ఏం చెప్పమంటావు?

* * *

మనవరాలికి ఆశీస్సులు.

ఓడిపోయాను. ముందు అది రాసేస్తే మిగతాది తేలిక.

బూట్లు మార్చుకోవడం కుదరలేదు. నేనే అడిగి తీసుకున్నవి కరుస్తున్నాయని ఏ మొహంతో చెప్పను? "సుఖంగా ఉన్నాయా బావగారూ" అని ఆయన, "దూదిలా ఉన్నాయండీ" అని నేను. అప్పటికే నా బొటనవేలి గోరు నల్లబడింది. ఆయన నా బూట్లలో పాతగుడ్డలు కుక్కుకున్నాడని వియ్యపురాలు తర్వాత చెప్పింది.

సగం దూరం నేనే ముందు. ఆ తర్వాత వేలు సలిపింది, ఊపిరీ అందలేదు. ఆయన టపటపా చప్పుడు చేసుకుంటూ వచ్చి నన్ను దాటాడు. దాటుతూ "ఏమీ అనుకోకండి బావగారూ" అన్నాడు కూడా. గీత దగ్గర పట్టుకుని, ఏం తాగారో నిజం చెప్పమన్నాను. "రోజూ పరిగెత్తానండీ" అన్నాడు. కాదనడానికి లేదు. నేను చెట్టు చాటున కాపలా కాసిన పొద్దులన్నీ ఆయన పరిగెత్తుతూనే ఉన్నాడు. చూసింది నేనే.

మాటంటే మాటే. సెలవులన్నీ నువ్వు ఆయనింట్లోనే ఉండు. నేనూ మీ అమ్మమ్మా కూడా ఇక్కడే ఉంటాం. గెలిచిన సంతోషంలో ఆయన మాటవరసకి, "మీరూ వచ్చి నాలుగు రోజులుండాలి బావగారూ" అన్నాడు. సాయంత్రానికి పెట్టె సర్దుకుని వచ్చేశాం. వియ్యంకుణ్ణి కదా, కాదనలేక తన గది మాకిచ్చి హాల్లో పడుకుంటున్నాడు. ఈ ఉత్తరం ఆయన బల్ల మీదే రాస్తున్నాను. నువ్వు పడుకునే గది మా పక్కదే.

నీ షెడ్డు తాత

తా.క.: ఒక సంగతి మాత్రం అందరికీ చెప్పు. గెలిచినవి నా బూట్లే. కాళ్ళు మాత్రం ఆయనవి.